ఎవరి తువ్వాల వారిది

మొదటి ఉంగరం నా నడుము మీద, లంగా బొందు బిగించే చోట లేచింది. జూన్ రెండో వారం. తాండూరు చుట్టుపక్కల రేగళ్లు తడిసి, ఊరంతా కంది విత్తే హడావుడిలో ఉంది. రూపాయి బిళ్లంత గుండ్రం. అంచు ఎర్రగా పొక్కింది, మధ్యలో చర్మం మామూలుగానే ఉంది. దురద మాత్రం మామూలుది కాదు. పొయ్యి దగ్గర చెమట పట్టిందంటే ఇక నిలువనివ్వదు. మా వైపు దాన్ని గజకర్ణం అంటారు, చదువుకున్నవాళ్లు తామర అంటారు. ఏ పేరుతో పిలిచినా పైకి చెప్పుకునే రోగం కాదు.

నేను యాలాల్ మండలంలో మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. నా భర్త దానియేలు తాండూరులో బండలు పాలిష్ చేసే కంపెనీలో పని చేస్తాడు. మామ యోహాను అదే కంపెనీలో మేస్త్రీ, ఆదివారమైతే మా చర్చిలో సంఘపెద్ద. అత్త సంతోషమ్మ, మూడేళ్ల నా బిడ్డ బిందు. ఇంతే మా ఇల్లు.

దానియేలుకు చూపిస్తే మర్నాడు తాండూరు మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చాడు.

"డాక్టర్ గీక్టర్ అక్కర్లేదంట. అందరికి గిదే ఇస్తరంట. రెండు రోజుల్ల మాయమైతది" అన్నాడు.

నిజంగానే మూడో రోజుకు దురద చల్లారింది. వారం తిరిగేసరికి మచ్చ కూడా లేదు. రాయడం మానేశాను. పది రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి ఒకదానిలో ఒకటి మూడు ఉంగరాలు. మళ్లీ రాశాను, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. జూలై సగానికి నడుము చుట్టూ పాకి, వీపెక్కి, మోచేతి మీద కూడా తేలింది. అప్పటికి దానియేలు తొడల మీద కూడా వచ్చింది. రోజంతా నీళ్లలో నిలబడి మిషన్ నడిపి, ఆ తడి ప్యాంటుతోనే ఆటో ఎక్కి ఇంటికి వచ్చే మనిషి. ఒకరోజు పొద్దున బిందుకు తల దువ్వుతుంటే చెవి కింద, బుగ్గ మీద చిన్న గుండ్రం కనిపించింది.

అదే వారం బడిలో శ్యామల టీచర్ నన్ను పక్కకు పిలిచింది. మంచి మనిషి. చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"స్నేహలతా, నీ చేతి మీది మచ్చలు జూసి పిల్లల తల్లులు అడుగుతున్నరు. అన్నం వడ్డించే చెయ్యి గద. నయమయ్యేదాక బీరమ్మ వండుతది. నువ్వు డాక్టర్ కాయితం తీస్కరా, నీ పని నీకుంటది."

"ఎన్ని రోజులు ఆగుతరు టీచర్?"

"దసరా సెలవుల లోపల రావాలె. దాటితే బీరమ్మ పేరే రాసి పంపుమంటరు. నా చేతుల ఉండదు."

గరిటె బీరమ్మకు ఇచ్చి ఇంటికి వచ్చాను. ఆ బడి వంట కోసం ఏడాదిన్నర తిరిగాను. నలభై ముగ్గురు పిల్లలు, ఎవరికి పప్పు పలుచగా కావాలో, ఎవరు గుడ్డులో పచ్చసొన వదిలేస్తారో అన్నీ నాకు తెలుసు. దారంతా ఒకటే అనుకున్నాను. దీన్ని వదిలించుకోవాలి. సెలవుల లోపల.

ఇంట్లో అత్త అప్పటికే తీర్పు చెప్పేసింది. నా చాప వేరు, కంచం వేరు, తువ్వాల వేరు. అప్పటిదాకా ఐదుగురికి రెండు తువ్వాలలు ఉండేవి. అందులో చిరిగినది నా వైపు విసిరింది. గోడ అవతలి వాళ్లకు వినపడేట్టు అనేది:

"ముప్పై యేండ్లల్ల మా ఇంట్ల గీ రోగం ఎవ్వలకన్న ఉండెనా? ధారూర్ నుంచి మూట గట్టుకొని వచ్చింది. పిల్లకు గూడ అంటించింది."

ధారూర్ మా అమ్మగారి ఊరు. మా అమ్మకు, మా అన్నకు ఎన్నడూ ఈ రోగం లేదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అత్త చెవికి ఎక్కలేదు. మామ గడప దగ్గర కూర్చుని, తలెత్తకుండా బీడీ ఆరిపోయేదాకా చేతిలో పట్టుకుని ఉండేవాడు. దానియేలు మధ్యలో నలిగి, "ఇంకో ట్యూబు తెస్తలే" అన్నాడు.

"వద్దు. ఆ ట్యూబు రాసినంకనే ఇంత పెరిగింది" అన్నాను. "బుధవారం వికారాబాద్ పోత. అక్కడ చర్మం డాక్టర్ ఉంటదంట."

డాక్టర్ పేరు జోయా. నా కంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో, అంతే. నేను బిందును ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిందంతా విన్నది. ట్యూబు చూపించమంది. దాని మీది అక్షరాలు చదివి పక్కన పెట్టింది. తర్వాత మొండి బ్లేడుతో నా చేతి మీది ఉంగరం అంచును మెల్లగా గీకి, రాలిన పొట్టును గాజు పలక మీద వేసి, ఏదో చుక్క పోసింది. కొంతసేపటికి సూక్ష్మదర్శిని నా వైపు తిప్పింది.

"చూడు."

చూశాను. మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత సన్నని దారాలు కనిపించాయి. కణుపులు కణుపులుగా, కొమ్మలు చీలి, ఒకదాని మీద ఒకటి పాకి ఉన్నాయి.

"బూజు. పచ్చడి మీద పడతది చూడు, ఆ జాతిదే" అంది డాక్టర్. "నీ చర్మం తిని బతుకుతుంది. ఈ ట్యూబుల దాన్ని చంపే మందు ఉంది, దానితోని స్టెరాయిడ్ గూడ కలిపిన్రు. దురద పోతది, ఎరుపు పోతది, నువ్వు నయమైందనుకుంటవ్. లోపల అది హాయిగ పెరుగుతది."

వంట మనిషిని, బూజు నాకు కొత్త కాదు. పైపైన తీసి పారేస్తే రెండు రోజులకు జాడీ అంతా మళ్లీ పట్టేస్తుంది. ఆ రోగం మీద నాకున్న సిగ్గు అక్కడే, ఆ కుర్చీలోనే సగం పోయింది.

నాకూ దానియేలుకూ రోజూ మింగే మాత్రలు, వేరే పూతమందు రాసి, డాక్టర్ ఒక్కొక్కటి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఎవరి తువ్వాల వారిది, ఎవరి సబ్బు వారిది. బట్టలు వేడినీళ్లలో వేయాలి, బాగా ఆరాలి, ఎండ లేకపోతే ఇస్త్రీ చేయాలి. మచ్చ పోయినా పక్షం రోజులు మందు ఆపొద్దు. చిన్నదానికి పూతమందు చాలు.

"ఇంకో మాట. ట్యూబు బంద్ చేస్తే మొదటి పది రోజులు ఎక్కువైతది. పరేషాన్ గావద్దు. అప్పుడు భయపడి మల్ల అదే రాస్తే మొదటికొస్తం. ఇంట్ల ఎంతమంది?"

"ఐదుగురం మేడం."

"అందరిని చూడాలె. ఒక్కరికి మిగిలినా మల్ల అందరికి వస్తది."

డాక్టర్ చెప్పినట్టే ఎక్కువైంది. ఎనిమిదో రోజుకు నా వీపు నిప్పుల మీద పెట్టినట్టు ఉంది. గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. చేయి వీపు మీదికి పోతే, ఆ చేతికి ఏదో ఒక పని చెప్పేదాన్ని. చింతపండు గింజలు తీశాను, ఎవరూ అడగని కందులు ఏరాను. దానియేలు చూడలేక పాత ట్యూబు తెచ్చి ముందు పెట్టాడు.

"ఒక్కసారి రాయి. ఇయ్యాల్టికి జర నిదురన్న పడతది."

"ఇయ్యాల నిదురపోతే దసరాకు బడి పోతది" అన్నాను. "నువ్వు గూడ ముట్టకు. నీకూ మాత్రలు తెచ్చిన గద, మింగు."

అతని కోసం రోజూ ఒక ప్లాస్టిక్ కవర్‌లో పొడి ప్యాంటు, తన తువ్వాల పెట్టి పంపేదాన్ని. "అందరు నవ్వుతున్రు, ఆడోళ్ల లెక్క బట్టలు మోస్కపోతున్నవని" అనేవాడు. "నవ్వనీ" అనేదాన్ని. వాన తెరిపి ఇవ్వని రోజుల్లో బట్టలు పొయ్యి చుట్టూ తీగల మీద ఆరేసి, ఒక్కొక్కటి ఇస్త్రీ చేసి మడిచేదాన్ని. అత్త ముక్కు మీద వేలేసుకుని చూసేది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే, "నాకేం రోగం? నీ రోగానికి మేమంత తిరగాల్నా?" అంది. మామను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మూడో వారానికి నా చేతి మీద అంచులు చదునయ్యాయి. బిందు బుగ్గ మీది గుండ్రం దాదాపు మాసిపోయింది. నాకు ఊపిరి ఆడింది. నాలుగు రోజులు తిరక్కుండానే బిందుకు స్నానం చేయిస్తుంటే, బొడ్డు పక్కన ఇంకో ఉంగరం. కొత్తది. నీళ్ల చెంబు కింద పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఏం తప్పు చేశాను? ఏ బట్ట ఉడికించలేదు? ఏ పూట మందు మరిచాను?

మర్నాడు చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. ఇంట్లో పరుపులన్నీ బయట వేద్దామని మామ మంచం మీది బొంత ఎత్తాను. దాని కింద ట్యూబులు ఉన్నాయి. చివరి చుక్కదాకా పిండి, చాపలా చుట్టినవి. పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేశాను. అన్నీ అదే మందు.

నేను ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్లు. ఒక్కరోజూ మామ తన లుంగీ, లోబట్టలు నన్ను ఉతకనివ్వలేదు. కోడలితో లోబట్టలు ఉతికించకూడదనే మర్యాద అనుకునేదాన్ని. బిందుకు పుట్టినప్పటి నుంచి తాత పక్కన పడుకుంటే తప్ప నిద్ర రాదు.

అత్త పెరట్లోనే ఉంది. ఒక్క కేక వేసి బొంత కింద చూపిస్తే, నా మీది మాట ఆ క్షణమే పోయేది. కానీ ఇంట్లో, ఊళ్లో నవ్వులపాలైన మనిషి ఇక డాక్టర్ దగ్గరికి వస్తాడా? ఆయన రాకపోతే నా బిడ్డకు నయమయ్యేది ఎట్లా? బొంత ఎక్కడ ఉన్నది అక్కడ వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, మిగతా పరుపులు మాత్రం ఎండలో వేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ చొక్కా విప్పకుండా గడప దగ్గర కూర్చున్నాడు. బిందును ఎత్తుకుని పోయి ఎదురుగా నిలబడ్డాను.

"మామా, బుధవారం పిల్లను మల్ల వికారాబాద్ తీస్కపోవాలె. ఆయనకు సెలవు దొరుకతలేదు. మీరు తోడు వస్తరా?"

"మీ అత్తను తీస్కపో."

"అత్తకు రైలెక్కితే కండ్లు తిరుగుతయి. ఇంట్ల పెద్దోళ్లు ఒక్కలు రావాలె అన్నది డాక్టరమ్మ."

బిందు గౌను పైకెత్తి తాతకు బొడ్డు పక్కన మచ్చ చూపించింది, ఏదో గొప్ప వస్తువు చూపించినట్టు.

"గిది కొత్తదా?" అన్నాడు.

"మొన్న లేచింది."

"నా దగ్గరనే పండుకుంటది గద."

"అవు మామా."

ఆయన బిందు గౌను కిందికి లాగి సరిచేశాడు. "ఎన్ని గంటలకు రైలు?" అని అడిగాడు.

బుధవారం డాక్టర్ జోయా బిందును చూసింది, నన్ను చూసింది. నా చేయి తిప్పి చూసి బాగా తగ్గిందంది. తర్వాత కాగితం మీద రాస్తూ తలెత్తకుండానే అడిగింది: "ఇంట్ల ఇంకెవరికన్నా ఉందా?"

నేను బిందు చెప్పులు సరిచేస్తున్నట్టు కిందికి వంగాను. గోడ దగ్గర నిలబడ్డ మామ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు జర పిల్లను తీస్కొని బైట కూసో, బిడ్డా" అన్నాడు.

నాలుగేళ్లలో ఆయన నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదటిసారి. బయటికి వచ్చాను. వెనక తలుపు మూసుకుంది. బిందు బెంచీ కింద దూరి, పైకి వచ్చి, మళ్లీ దూరి ఆడుకుంది. లోపలికి వెళ్లాల్సిన వాళ్లు ఇద్దరు ముగ్గురు విసుక్కుని గడియారం చూశారు. మామ బయటికి వచ్చేసరికి వాళ్లు విసుక్కోవడం కూడా మానేశారు. చేతిలో నాదిలాంటి చీటీయే ఉంది. ఇంకా పొడుగ్గా ఉంది.

"రక్తం ఇయ్యాలెనంట. షుగర్ గూడ చూస్తరంట. ఎటు పోవాలె?"

నేను ముందు నడిచాను.

తిరుగు రైల్లో జనం పలుచగా ఉన్నారు. ధారూర్ దాటాక, కిటికీ వైపు చూస్తూనే మామ మాట్లాడాడు.

"తొమ్మిదేండ్లు. తడిల పనిచేసేటోనికి వస్తదిలే అనుకున్న. ట్యూబు రాస్తే నడుస్తుండె. ఇప్పుడు తోలు కాయితం లెక్క పల్చగైందంట, పగుళ్లు వడ్డయంట. మంది ముందట నిలవడి ప్రార్థన జేసేటోన్ని, నాకు గిట్లున్నదని ఎవ్వలకు చెప్త?" నా వైపు తిరిగాడు. "బొంత కింద చూసినవా?"

"చూసిన మామా."

"మీ అత్తకు చెప్పకపోతివి."

"మందు మింగేది మీరు. అత్త గాదు."

ఆయన నవ్వలేదు. కానీ తాండూరు వచ్చేదాకా బిందును ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా పక్కన, నా వైపు కూర్చోబెట్టాడు. అది పిల్ల మీద కోపం కాదని ఆ పిల్లకూ తెలిసినట్టే ఉంది, పేచీ పెట్టలేదు.

ఆ పూట అన్నాల దగ్గర, అందరం కూర్చున్నాక చెప్పాడు. గొంతు పెంచలేదు.

"సంతోషమ్మా, గీ రోగం నాది, తొమ్మిదేండ్ల సంది ఉన్నది. నా నుంచి పిల్లకు, కోడలుకు అంటింది. మల్ల ధారూర్ పేరెత్తకు."

అత్త చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. నా వైపు చూడలేదు.

"తొమ్మిదేండ్ల సంది నాతోని చెప్పకపోతివా?" అంది మామతో.

అత్త రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు ఒక్కతే ఆటో ఎక్కి తాండూరు పోయి ఐదు తువ్వాలలు తెచ్చింది, ఐదు రంగులవి. పెరట్లో తాళ్లు ఐదు వేరుగా కట్టింది. ఇక ఆమె పోలీసుదనం మొదలైంది. దానియేలు పొరపాటున మామ ఆకుపచ్చ తువ్వాలతో మొహం తుడుచుకుంటే చీపురు పట్టుకుని వెంటపడింది. నా వైపు జరిపిన చాప, కంచం ఎప్పుడు తిరిగి అందరి పక్కకూ వచ్చాయో నాకు గుర్తు లేదు. ఆమె క్షమించమని అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు. తర్వాతి బుధవారం, రైలు దిగాక కళ్లు తిరుగుతున్నా స్తంభం పట్టుకుని నిలదొక్కుకుని, మాతోపాటు డాక్టర్ దగ్గరికి వచ్చింది. లోపల ఏం చూపించిందో చెప్పలేదు. ఆమె పేరు మీద కూడా ఒక చీటీ వచ్చింది.

మామకు మాకంటే కష్టమైంది. షుగర్ కూడా తేలింది. తొమ్మిదేళ్లు ఆ ట్యూబుకు అలవాటు పడ్డ చర్మం, మానేసరికి ఎర్రగా రేగి నడవనివ్వలేదు. ఐదు రోజులు పనికి పోలేదు. ఆరో రోజు పొడి బట్టల కవర్ తనకూ పెట్టమని అడిగి, కొడుకుతోపాటే ఆటో ఎక్కాడు.

ఆ రోజు కంపెనీలో జరిగింది దానియేలు వచ్చి చెప్పాడు. అన్నాల వేళ మామ బండల మీద కూర్చున్న వాళ్ల మధ్య నిలబడి, "నాకు గజకర్ణం ఉన్నది. వికారాబాద్‌ల మందు తింటున్న. మీల ఎంతమందికి ఉన్నదో మీకెర్క" అన్నాడట. ఎవరూ తలెత్తలేదట. మామ అక్కడి నుంచి నేరుగా యజమాని గదికి పోయి, మిషన్ల మీద ఉండేవాళ్లకు రబ్బరు ఆప్రన్లు, బట్టలు మార్చుకునేందుకు పొడి గది కావాలని అడిగాడు. యజమాని నవ్వాడట. మామ రోజూ అడిగాడు. పదకొండో రోజు పాత స్టోర్ రేకుల గది ఖాళీ చేయించి ఇచ్చారు. ఆప్రన్లు సగం మందికే వచ్చాయి. మిగతా సగం కోసం మామ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

సెప్టెంబరులో, సెలవులకు వారం ముందు, డాక్టర్ నా ఒళ్లంతా చూసి కాగితం రాసి ఇచ్చింది. శ్యామల టీచర్ దాన్ని రెండుసార్లు చదివి, "రేపటి సంది రా" అంది. బీరమ్మ గరిటె కడిగి నా చేతికిచ్చి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ పని ఆమెకూ అవసరమే. నాకు సంతోషంగానే ఉంది, కానీ ఆమె వెళ్లిన దారి వైపు చూడలేకపోయాను. మర్నాడు పప్పు కొంచెం పలుచగానే చేశాను. మందు మాత్రం ఆపలేదు, ఇంకా పక్షం రోజులు మింగాను.

దసరా సెలవుల్లో ఒక బుధవారం బిందును చివరిసారి చూపించడానికి తాండూరు స్టేషన్‌కు వెళ్లాం. మామ మా కంటే ముందే వచ్చి ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద అక్కడొకరు ఇక్కడొకరుగా కంపెనీ వాళ్లు ఆరుగురు కనిపించారు. ఒకడు టీ తాగుతున్నాడు, ఒకడు ఫోన్ చూస్తున్నాడు, ఒకడు రైళ్ల పట్టిక ఎంత శ్రద్ధగా చదువుతున్నాడంటే దాంట్లో పరీక్ష ఉన్నట్టే. ఎవరికి ఎవరూ తెలియనట్టు నిలబడ్డారు.

మామ బెంచీ మీద నుంచే గట్టిగా పిలిచాడు.

"రాండ్రి, గిటు రాండ్రి! చర్మం డాక్టర్ దగ్గరికి పోయేటోళ్లంత గిక్కడ కూసోండ్రి."

టీ తాగే అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "యోహానన్నా, జర మెల్లగ అనరాదే."

"ఎందుకు మెల్లగ? కూసో" అని మామ పక్కకు జరిగాడు.

అతను ఒక నిమిషం తటపటాయించి, గ్లాసు పారేసి, వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఫోన్ చూసే అతను వచ్చాడు. దూరంగా రైలు కూత వినిపించేసరికి బెంచీ నిండిపోయింది. చోటు చాలని ఇద్దరు మా పక్కన నిలబడి, డాక్టరమ్మ మంచిగ మాట్లాడుతుందా, బ్లేడుతో గీకితే నొప్పి లేస్తదా అని నన్ను అడగసాగారు.